ఎడమ కాదు, ఎడం

పోయిన నెల వంటింటి మాటలు చదువుకున్నాం. ఈ నెల నాతో గరాజ్‌లోకి రండి. చేతికి మసి అంటినా ఫరవాలేదు, కడుక్కుందాం.

నాకొక క్రూయిజర్ మోటార్‌సైకిల్ ఉంది. సీటు కిందికి, హ్యాండిల్ వెడల్పుగా, కాళ్ళు ముందుకు చాచుకుని కూర్చునే బండి అది. పాత బండి. దాని వెనక టైరు సన్నం. ఆదివారం పొద్దున అల్ఫారెట్టాలో మేం నలుగురం కాఫీకి ఆగినప్పుడు, మిగతా బండ్ల బొద్దు టైర్ల పక్కన నా బండి ఉపవాసం ఉన్నట్టు కనిపించేది. యాభై ఆరేళ్ళ బడిపంతులుకు ఇదేం ఆశ అంటారా? ఆశకు వయసేమిటి! టైరు ఎలాగూ అరిగింది. ఈసారి వెడల్పుది వేయిద్దామనుకున్నాను.

ముందు టైరు మీది అంకెలు చదవడం నేర్చుకుందాం. నా పాత టైరు మీద 130/90-16 అని ఉంది. మొదటి అంకె వెడల్పు: 130 మిల్లీమీటర్లు. రెండో అంకె ఎత్తు, కాని మిల్లీమీటర్లలో కాదు. వెడల్పులో నూటికి 90 వంతులు అని అర్థం. అంటే 117 మిల్లీమీటర్లు. మూడో అంకె రిమ్ము వ్యాసం: 16 అంగుళాలు.

నేను కోరుకున్న టైరు 150/80-16. లెక్క మీరే చెయ్యండి. 150లో నూటికి 80 వంతులంటే 120. పాతదానికంటే ఎత్తు 3 మిల్లీమీటర్లే ఎక్కువ. వెడల్పు మాత్రం 20 ఎక్కువ, అంటే అటు పది, ఇటు పది. పది మిల్లీమీటర్లు ఎంత? మీ చిటికెన వేలు అడ్డంగా పెట్టి చూడండి, ఇంచుమించు అంతే. "ఇంతేనా!" అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

ఇప్పుడు ఈ నెల ముఖ్యమైన మాట: ఎడం. మీలో చాలామంది దీన్ని "ఎడమ" అనుకుంటారు. ఎడమ అంటే కుడి కాని పక్క. ఎడం అంటే రెండు వస్తువుల మధ్య ఉండే ఖాళీ, దూరం. "కుర్చీలు కాస్త ఎడంగా వెయ్యండి" అంటాం. నా బండికి బెల్టు ఎడమ పక్క ఉంది. బెల్టుకూ టైరుకూ మధ్య ఉండాల్సింది ఎడం. తేడా తెలిసింది కదా?

వెడల్పు టైరు వేసేముందు నాలుగు చోట్ల చూడాలి.

మొదటిది రిమ్ము. ఏ టైరు ఎంత వెడల్పు రిమ్ముకు సరిపోతుందో టైరు తయారు చేసినవాళ్ళే పట్టికలో ఇస్తారు. వెడల్పు టైరును సన్నని రిమ్ముకు ఎక్కిస్తే పక్కలు నొక్కుకుపోయి, నడినెత్తి గుండ్రంగా లేస్తుంది. అప్పుడు రోడ్డును తాకే భాగం మనం అనుకున్నంత పెరగదు. చూడడానికి లావు, పనికి మాత్రం సన్నం.

రెండోది పక్కలు. బెల్టు గాని, చైను గాని, చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ గాని టైరును తాకకూడదు. వేగంగా తిరిగేటప్పుడు టైరు కొంచెం ఉబ్బుతుందని కూడా గుర్తుంచుకోండి.

మూడోది మడ్‌గార్డ్ లోపల. బండి మీద బరువు పడితే స్ప్రింగులు అణుగుతాయి, చక్రం మడ్‌గార్డ్‌లోకి ఎక్కుతుంది. అందుకని ఖాళీ బండి మీద కొలిచిన ఎడం నిజమైన ఎడం కాదు.

నాలుగోది నడక. ముందు టైరు సన్నంగా ఉండి వెనకది వెడల్పయితే బండి మలుపులో ఒరగడానికి బద్ధకిస్తుంది. స్పీడోమీటరు గేర్‌బాక్స్ నుంచి పనిచేసే బండి అయితే అంకె కూడా మారుతుంది. నా లెక్క ప్రకారం చక్రం ఎత్తు 640 నుంచి 646కు పెరిగింది. అంటే మీటరు 60 మైళ్ళు చూపించినప్పుడు అసలు వేగం సుమారు 60.6. ఇది చిన్నదే. మొదటి మూడూ చిన్నవి కావు.

ఇప్పుడు నా కథ చెప్తాను. టైరు వేసినతను బండిని ఎత్తి చక్రం చేత్తో తిప్పి చూపించాడు. ఎక్కడా తగల్లేదు. నేను ఒక్కణ్ణే 400 రోడ్డు మీద వెళ్ళి వచ్చాను. బ్రహ్మాండంగా ఉంది. ఆ శనివారం మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని, రెండు సంచులు కట్టుకుని డలోనెగాకు బయలుదేరాం. అక్కణ్ణుంచి 60 నంబరు రోడ్డు మీద వుడీ గ్యాప్ వైపు కొండ ఎక్కాం. గుంట వచ్చినప్పుడల్లా కింద "గర్ర్" మంటోంది. నేను రోడ్డు గరుకనుకున్నాను. "ఏమండీ, రబ్బరు వాసన వస్తోంది, ఆపండి" అంది మా ఆవిడ. ఆపాను.

మడ్‌గార్డ్ లోపల పక్కన ఒక బోల్టు మొన బయటికి పొడుచుకుని ఉంది. అది టైరు చుట్టూ వేలిగోరంత లోతున గీత కోసేసింది. బెల్టు అంచు కూడా పోగులు లేచింది. ఆ మలుపుల్లో టైరు పేలి ఉంటే? ఆ వాక్యం నేను పూర్తి చెయ్యను. మీరూ చెయ్యకండి.

బండి ఇక నడపలేదు. ట్రైలర్ ఉన్న మిత్రుడికి ఫోన్ చేసి రెండు గంటలు కూర్చున్నాం. మా ఆవిడ కోప్పడలేదు. "టైరుకు ఎంత చోటు కావాలో లెక్కేశారు. నేను కూర్చుంటే ఎంత కావాలో వెయ్యలేదు" అంది. నేను పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. నా దగ్గర జవాబు లేదు.

టైరు వేసినతన్ని నేను తప్పుపట్టను. ఇద్దరం వెళ్తామని అతనికి చెప్పలేదు, నా అంతట నేను కొలవనూ లేదు. ఇప్పుడు మళ్ళీ 130/90 వేయించాను, కొత్త బెల్టు కూడా. కొత్త టైరు మొదటి వంద మైళ్ళు జారుతుంది, అందుకని నెమ్మదిగా వెళ్తున్నాం. ఆదివారం కాఫీ దగ్గర నా బండి మళ్ళీ ఉపవాసంగా ఉంది. ఉండనీ.

ఇంకొక మాట. డర్బన్ దగ్గర మా గుడి తరగతిలో పంతులుగారు బోర్డు మీద ఎద్దుబండి బొమ్మ గీసి ఇరుసు, ఆకులు, సీల, కందెన అని నేర్పారు. "ఎద్దుబండి ఎక్కడుంది సార్, మాకెందుకు?" అని నవ్వేవాళ్ళం. మా ముత్తాతలు నాటాల్ చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. ఆ మాటలు కూడా ఓడల్లోనే వచ్చాయి. ఈ శనివారం గరాజ్‌లో ఇరుసు బిగిస్తూ చూస్తే, పంతులుగారి మాటలన్నీ నా చేతి కిందే ఉన్నాయి.

ఈ నెల మాటలు:

ఇరుసు: చక్రం మధ్యగా పోయే కడ్డీ.
ఆకు: చక్రం మధ్య నుంచి అంచుదాకా ఉండే పుల్ల. చెట్టు ఆకు కాదు. కొన్ని మోటార్‌సైకిళ్ళకు తీగ ఆకులుంటాయి.
సీల: చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర పెట్టేది.
కందెన: ఇరుసుకు రాసే జిడ్డు. మనం గ్రీజు అంటున్నాం.
ఒరగడం: ఒక పక్కకు వాలడం.

ఈ నెల సామెత: ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయి. పైవాళ్ళు కిందికి, కిందివాళ్ళు పైకి రావచ్చని అర్థం. మన ఇళ్ళల్లో దీనికి ఉదాహరణలు వెతకనక్కర్లేదు.

ఇంటి పని: మీ కారు టైరు మీది అంకెలు చూసి, దాని ఎత్తు లెక్కకట్టి, జవాబు తెలుగులో గట్టిగా చదవండి. తర్వాత "ఎడమ", "ఎడం" రెండూ వచ్చేలా ఒకే వాక్యం రాయండి. నా వాక్యం ఇది: బెల్టు ఎడమ పక్క ఉంది, టైరుకు ఎడంగా ఉంది.

ఈసారి కొలిచే రాశాను.