ఫోను అద్దానికి కాపలా అద్దం

కొత్త ఫోను ఇంటికి వచ్చిందంటే మొట్టమొదట వినిపించే మాట, "ముందు గ్లాసు వేయించండి!" అనే. నిజమే, వేయించాల్సిందే. ఈనాడు ఫోనంటే మాట్లాడుకునే యంత్రం మాత్రమే కాదు కదా. గ్యాసు బుక్ చేసేది అందులోనే, పాలవాడికి డబ్బు పంపేది అందులోనే, పిల్లల స్కూలు కబురు వచ్చేదీ అందులోనే. తెర పగిలితే వేలల్లో ఖర్చు. ఆ ఖర్చు ఎక్కడి నుంచి తీయాలో ఇంటి ఇల్లాలికే తెలుసు. అంచేత వంద రూపాయల నుంచి వెయ్యి దాకా దొరికే ఈ స్క్రీన్ గార్డు గురించి కాస్త తెలుసుకుని కొనడం మంచిది. అది ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలిస్తే దుకాణంలో మాయమాటలకు లొంగనక్కర్లేదు.

ఎన్ని రకాలు?

ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

మొదటిది పల్చని ప్లాస్టిక్ ఫిల్మ్. చవక. గీతలు పడకుండా ఆపుతుంది. దెబ్బను మాత్రం ఆపలేదు. కొన్ని ఫోన్లకు కంపెనీవాళ్ళే ఇలాంటిది అంటించి పంపుతారు. అది బాగున్నంతకాలం తీయనక్కర్లేదు. మడతపెట్టే ఫోన్ల సంగతి వేరు. వాటి లోపలి తెర మీద ఉన్న పొరను ఎట్టి పరిస్థితిలోనూ పీకకూడదు. 2019లో మొదటి మడత ఫోన్లు వచ్చినప్పుడు, పరీక్షించి చూడడానికి తీసుకున్నవారిలో కొందరు దాన్ని మామూలు ఫిల్మే అనుకుని లాగేశారు. తెరలు పాడైపోయాయి.

రెండోది మెత్తని జెల్ ఫిల్మ్. దుకాణాల్లో 'హైడ్రోజెల్' అంటారు. వంచినట్టల్లా వంగుతుంది. అంచులు వంపు తిరిగిన తెరలకు ఇది బాగా నప్పుతుంది. సన్నని గీతలు పడినా కొంతవరకు తమంతట అవే పూడుకుంటాయి. అయితే వేలికి గాజంత నునుపుగా తగలదు.

మూడోది అందరికీ తెలిసిన టెంపర్డ్ గ్లాస్. సాధారణంగా మిల్లీమీటరులో మూడోవంతు మందం ఉంటుంది. ఇంత పల్చటి గాజుకు బలం ఎలా వస్తుందంటే, కరిగించిన పొటాషియం ఉప్పులో దాన్ని నానబెడతారు. గాజు పైపొరలో ఉండే సోడియం అణువులు బయటికి పోయి, వాటికంటే పెద్దవైన పొటాషియం అణువులు ఆ చోటులో ఇరుక్కుంటాయి. నలుగురు కూర్చునే బెంచీ మీద ఐదుగురు సర్దుకుని కూర్చున్నట్టు అన్నమాట! ఆ ఒరిపిడి వల్ల పైపొర బిగిసి, తేలిగ్గా పగులు పట్టదు. ఫోను తెరకు వాడే గట్టి గాజునూ ఇదే పద్ధతిలో తయారుచేస్తారు.

ఇవి కాక ద్రవం జిగురు పోసి, నీలిరంగు దీపం కింద గట్టిపడేలా చేసే 'యూవీ గ్లాస్' ఒకటుంది. వంపు తెరలకు వేస్తుంటారు. ఆ జిగురు స్పీకరు రంధ్రాల్లోకీ, బటన్ల సందుల్లోకీ జారితే ఫోనుకే చేటు. కంపెనీవాళ్ళు వద్దన్న ఫోనుకు వేయించకండి. వారంటీ పోయే ప్రమాదం కూడా ఉంది.

అంకెలు చూసి మురిసిపోకండి

డబ్బా మీద '9 హెచ్' అని పెద్దక్షరాలతో ఉంటుంది. ఇది వజ్రం అంత గట్టిదేమో అనుకుంటాం. వజ్రానికి 10 ఇచ్చేది రాళ్ళ గట్టిదనం లెక్క. ఈ 9 హెచ్ మాత్రం పెన్సిళ్ళ లెక్క! బొమ్మలు గీసుకునే పెన్సిళ్ళలో 2 హెచ్, 4 హెచ్ అని ఉండవూ, వాటిలో బాగా గట్టిది 9 హెచ్. ఆ పెన్సిలుతో గీస్తే గీత పడలేదని మాత్రమే దీని అర్థం.

దుకాణంవాడు తాళంచెవితో గీకి "చూడండమ్మా, గీత పడలేదు" అంటాడు. మామూలు తాళంచెవి లోహం గాజుకంటే మెత్తనిదే కాబట్టి ఏ గాజు మీదా అంత తేలిగ్గా గీత పడదు. అసలు శత్రువు ఇసుక. రాళ్ళ లెక్కలో ఇసుక రేణువుకు 7, మామూలు గాజుకు ఐదున్నర, ఆరు. సంచీ అడుగున చేరిన దుమ్ములో, విశాఖ బీచికి వెళ్ళొచ్చిన కొంగు మడతలో ఉన్నది అదే. ఫోనును గుడ్డతో గట్టిగా రుద్దేముందు దుమ్మును మెత్తగా దులిపెయ్యండి.

ఇక '11 డి', '21 డి' అని రాసేవి అమ్మకందారుల మాటలే. అంకె పెరిగినకొద్దీ బలం పెరుగుతుందనే లెక్కేమీ లేదు. '2.5 డి' అంటే మాత్రం అంచులు గుండ్రంగా నూరారని అర్థం. వేలికి గరుకు తగలదు.

నీలికాంతిని ఆపి కళ్ళను కాపాడుతుందని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి. ఫోను చూస్తే కళ్ళు అలసిపోవడానికి కారణం నీలికాంతి కాదనీ, రెప్ప వేయకుండా అదేపనిగా చూడడమేననీ అమెరికా నేత్రవైద్యుల సంఘం చెబుతోంది. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటుంది. దానికి పైసా ఖర్చు లేదు.

పక్కవాళ్ళకు కనపడకుండా చేసే 'ప్రైవసీ గ్లాస్' బస్సుల్లో, బ్యాంకుల్లో పనికొస్తుంది. కానీ తెర కాస్త మసకబారుతుంది. మనం వెలుతురు పెంచుతాం, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఇంట్లోనే ఎక్కువగా వాడేవారికి అవసరం లేదు.

కొనేముందు చూడవలసినవి

ఫోను పూర్తి పేరు చెప్పి కొనండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా కెమెరా రంధ్రం అటూ ఇటూ అవుతుంది. తెర పైభాగాన సెన్సారు ఒకటి ఉంటుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకోగానే తెరను ఆర్పేది అదే. గార్డు దానికి అడ్డుపడితే తెర ఆరదు, మాట్లాడుతుండగా చెంప తగిలి ఫోను కట్ అవుతుంది.

ఫోను కవరును కూడా వెంట తీసుకెళ్ళండి. కొన్ని కవర్లు గ్లాసు అంచును పైకి నెట్టేస్తాయి. కవరు వేసి చూసి, అంచు లేవకపోతేనే డబ్బివ్వండి.

ఇంకో మాట. గార్డు పగిలితే "పోనీలే, ఫోను బతికింది" అనుకుంటాం. కావచ్చు. కానీ గార్డు పల్చనిది కాబట్టి, తెరకు ఏమీ కాని చిన్న దెబ్బకు కూడా అది చిట్లుతుంది. ఫోను మూలమీద పడితే గార్డు ఒక్కటే కాపాడలేదు. అంచులు తెరకంటే కాస్త ఎత్తుగా ఉన్న కవరు కూడా ఉండాలి. రెండూ కలిస్తేనే కాపలా.

మీరే వేసుకోవచ్చు

ఆవకాయ జాడీలో ఒక్క తడి బొట్టు ఉన్నా ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడ తడి బదులు ధూళి. ఒక్క రేణువు ఉన్నా అక్కడ బుడగ నిలిచిపోతుంది.

1. ఫ్యాను ఆపండి. వేడినీళ్ళ స్నానం అయ్యాక స్నానాలగది మంచి చోటు. ఆవిరికి గాలిలో ధూళి కిందికి దిగిపోతుంది. ఆవిరి సద్దుమణిగాకే ఫోను లోపలికి తీసుకెళ్ళండి.

2. చేతులు కడిగి ఆరనివ్వండి. జుట్టు ముడేసుకుని, కొంగు దోపుకోండి. నూలుచీర పీచు కూడా ధూళే!

3. ఫోను కవరు తీసేసి, ఫోను ఆపెయ్యండి. నల్లటి తెర మీద దుమ్ము బాగా కనపడుతుంది.

4. డబ్బాలో ఇచ్చిన తడి కాగితంతో తుడిచి, పొడిగుడ్డతో ఆరేలా తుడవండి. కిటికీ అద్దాలకు వాడే స్ప్రేలు, అమ్మోనియా ఉన్న ద్రవాలు వాడకండి. తెర మీద జిడ్డు పట్టకుండా వేసిన సన్నని పూత పోతుంది.

5. గ్లాసు మీది ప్లాస్టిక్ పొర తీయకుండానే దాన్ని తెర మీద సరిగ్గా అమర్చి చూడండి. ఒక పక్క అంచును రెండు ముక్కల సెలోటేపుతో ఫోనుకు అంటించండి. ఇప్పుడది పుస్తకం అట్టలా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. పక్కకు జరగదు.

6. అట్ట తెరిచినట్టు తెరిచి, టేపును తెర మీద అద్ది మిగిలిన ధూళి తీసేయండి. అడుగున ఉన్న పొర ఊడదీసి వెంటనే వదలండి. మధ్యలో ఒక్కసారి వేలితో నొక్కితే జిగురు దానంతట అదే పాకుతుంది.

7. బుడగ కనపడితే ప్లాస్టిక్ కార్డుతో అంచు వైపు తోయండి. కదలకపోతే కింద ధూళి ఉన్నట్టే. ఆ పక్క అంచు లేపి, టేపుతో రేణువును తీసి మళ్ళీ వదలండి. జెల్ ఫిల్మ్‌లో చిన్నచిన్న బుడగలుంటే కంగారు పడకండి, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు పోతాయి.

తొలిరోజు తెర వేలిని సరిగా పట్టించుకోకపోతే సెట్టింగ్స్‌లో 'టచ్ సెన్సిటివిటీ' అనేది ఉందేమో చూడండి. కొన్ని ఫోన్లలో గార్డు వేసుకునేవారి కోసమే అది పెట్టారు.

హైదరాబాదు జగదీష్ మార్కెట్లోనో, మీ ఊరి సెంటర్లోనో దుకాణంవాడిచేత వేయించుకుంటే ఫ్యాను ఆపమనండి. ఫోనును కళ్ళెదుటే ఉంచండి. గ్లాసు వేయడానికి మీ పిన్ నంబరుతో పనిలేదు. అడిగినా చెప్పకండి.

వేలిముద్ర పరీక్ష మరిచిపోవద్దు

చాలామంది వదిలేసేది ఇదే. కొన్ని ఫోన్లలో వేలిముద్ర చూసే యంత్రం తెర కిందే ఉంటుంది. పైన ఇంకో పొర వేస్తే అది తికమకపడవచ్చు. 2019 అక్టోబరులో బ్రిటన్‌లో ఒకావిడ తన శాంసంగ్ గెలాక్సీ ఎస్ 10 ఫోనుకు చవకరకం జెల్ గార్డు వేసుకుంది. ఆ తర్వాత చూస్తే ఆవిడ భర్త వేలు పెట్టినా ఫోను తెరుచుకుంది! గార్డు లోపలి మెలికలనే ఫోను వేలిముద్రగా పొరబడుతోందని తేలింది. కంపెనీ తప్పు ఒప్పుకుని, గార్డు తీసేసి పాత ముద్రలు చెరిపేసి మళ్ళీ వేసుకోమంది. ఆనక సాఫ్ట్‌వేర్ సరిచేసింది. దక్షిణ కొరియాలో ఒక బ్యాంకు అయితే, ఆ దోషం పోయేదాకా వేలిముద్ర వాడొద్దని తన ఖాతాదారులకు చెప్పింది.

ఆ దోషం తీరిపోయింది. పాఠం మాత్రం మనకు మిగిలింది. ఫోను తెరవడానికీ, బ్యాంకు యాప్ తెరవడానికీ అదే వేలు వాడుతున్నాం. కాబట్టి గార్డు వేయగానే ముందు మీ వేలు పెట్టి చూడండి. పట్టకపోతే పాత ముద్రలు చెరిపేసి కొత్తగా ఇవ్వండి. ఆ తర్వాత మీ ఆయనతోనో, అత్తగారితోనో, పిల్లలతోనో వాళ్ళ వేళ్ళు కూడా పెట్టించండి. వాళ్ళ ముద్రలు మీరు ఎక్కించి ఉండకపోతే తెరుచుకోకూడదు. తెరుచుకుంటే ఆ గార్డు ఎంత ఖరీదైనదైనా తీసి పారెయ్యండి.

పగిలిన గార్డుతో వంటింట్లోకి వద్దు

"ఇంకా పనిచేస్తోందిగా" అని పగిలిన గ్లాసుతోనే నెలలు గడిపేస్తాం. వంట చేస్తూ ఫోన్లో వీడియో చూసేవాళ్ళం, అదే ఫోను పిండి గిన్నె పక్కన పెడతాం. సన్నని గాజుపెంకు ఒక్కటి ఊడి పిండిలో పడితే కంటికి కూడా కనపడదు. చంటిపిల్లల వేళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. పగులు పట్టిన రోజే దాన్ని తీసేయడం మేలు.

తీసేటప్పుడు ముందు గ్లాసు మీద వెడల్పాటి టేపు అంటించండి, పెంకులు చెదరవు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుంటే దూరం నుంచి కాసేపు గోరువెచ్చగా గాలి పట్టించండి, జిగురు మెత్తబడుతుంది. పనికిరాని ప్లాస్టిక్ కార్డు మూలతో ఒక పక్క నుంచి నెమ్మదిగా లేపండి. తీసిన గాజును నాలుగు మడతల పాత పేపరులో చుట్టి, పైన 'గాజు' అని రాసి చెత్తలో వేయండి. పొద్దున్నే చెత్త తీసుకెళ్ళే మనిషి చేయి కూడా మన చేయిలాంటిదే కదా.