మన ఇంటిపేర్లు — అంతర్జాలమున అన్వేషణ

ఇటీవల మన కుటుంబములలోని యువతీయువకులకు తమ పూర్వులెవరో తెలిసికొనవలెనను కోరిక కలుగుచున్నది. సంతోషింపదగిన విషయము. మా చిన్ననాట ఇట్టి ప్రశ్న అడిగినచో "విజయనగరపు కాలమున వచ్చితిమి" అను ఒక్క మాటయే సమాధానము. ఇప్పటివారు దానితో తృప్తిపడుట లేదు. ఏ ఊరినుండి వచ్చితిమి, ఎవరి వెంట వచ్చితిమి, ఎన్ని తరములైనది అని అడుగుచున్నారు. పెద్దలు చెప్పలేకపోగా సెల్‌ఫోనులో ఇంటిపేరు కొట్టి చూచి, పది నిమిషములలో ఏమియు దొరకక మానుకొనుచున్నారు. కొందరు ఇంకను చెడ్డపని చేయుచున్నారు. మొదట కనబడిన దానినే నమ్మి, తాము విశ్వనాథ నాయకుని సాక్షాద్వంశీకులమని చుట్టములందరికిని పంపుచున్నారు.

నేను పండితుడను కాను. పదవ తరగతితో చదువు ముగించి కొట్టులో కూర్చున్నవాడను. కాని లెక్కలు వ్రాయువానికి ఒక సంగతి తెలియును. ఏనాటి పద్దు ఆనాడు చిట్టాలో వ్రాసి, పిమ్మట ఆవర్జాకు ఎక్కింతుము. చిట్టా లేని ఆవర్జాను ఏ వర్తకుడును నమ్మడు. వంశచరిత్ర విషయమున అంతర్జాలము ఆవర్జా వంటిది. చిట్టా మన ఇండ్లలోనే ఉన్నది, అది చెదలు తినుచున్నది.

ఆ చిట్టా యెక్కడ అందురా? మదురై ప్రాంతపు వారికి మొదట చెప్పవలసినది మొయ్ పుస్తకము. పెండ్లికిని, చెవులు కుట్టు వేడుకకును వచ్చినవారి చదివింపులను ఊరిపేరుతో, తండ్రిపేరుతో, మొత్తముతో వ్రాసియుంచు పుస్తకమది. తిరిగి చేయవలసిన బాకీ గనుక పొరపాటు లేకుండ వ్రాయుదురు. యాబది యేండ్ల క్రిందటి మొయ్ పుస్తకము ఒకటి చేత నున్నచో, ఆనాడు మనకు బంధువులెవరో, వారే యూళ్ళలో నుండిరో తేటతెల్లమగును. ఏ దేశపు జనన మరణ రిజిస్టరును ఇంత చక్కగ బంధుత్వమును చూపదు. రెండవది కులదైవపు గుడి లెక్క. మహాశివరాత్రికి దాయాదులందరు కూడినపుడు ఇంటింటికి వేసిన చందా జాబితా పూజారి వద్దనో, ధర్మకర్త వద్దనో ఉండును. ఒకే గుడికి చందా యిచ్చు ఇండ్లు ఒకే మూలమునకు చెందినవని చాలవరకు నమ్మవచ్చును. మూడవది భాగపత్రము. అన్నదమ్ములు ఆస్తి పంచుకొన్నపుడు వ్రాసికొన్న దస్తావేజులో తాత మొదలు మనుమల వరకు వరుసగ పేర్లు దొరకును. కోపముతో విడిపోయినవారి పత్రములే మరింత వివరముగ నుండుట నేను గమనించితిని.

వీనిని ముందు సెల్‌ఫోనుతో ఫొటోలు తీయుడు. పుస్తకము ఎవరిది, ఎవరి యింట నున్నది, ఏ తేదీన తీసితిరి అను మూడును వ్రాసి పెట్టుడు. తరువాత అవ్వను కూర్చుండబెట్టి ఆమె మాటలను రికార్డు చేయుడు. తాతను గాక అవ్వను అనుటకు కారణము కలదు. తాత తన వంశము నొక్కదానినే చెప్పును. అవ్వ తన పుట్టింటిని, అత్తింటిని, తన తల్లి పుట్టింటిని, ఆడబిడ్డల నిచ్చిన ఇండ్లను కూడ చెప్పగలదు.

ఇక అంతర్జాలమునకు పోయినవారికి మొదట అడ్డుపడునది పేరు. ఆంధ్రదేశమున ఇంటిపేరు మనిషి పేరుకు ముందు నిలిచియున్నది. మనకు ఇక్కడి వాడుకను బట్టి తండ్రిపేరులోని మొదటి అక్షరము దాని స్థానమును ఆక్రమించినది. బడి రిజిస్టరులో ఇంటిపేరు లేదు. రేషను కార్డులో లేదు, ఆధారులో లేదు. పెండ్లిమాటలు వచ్చినపుడు మాత్రమే పెద్దలు దానిని బయటికి తీయుదురు. ఎక్కడనో వ్రాయబడియున్నను తమిళలిపిలో నుండును. ఆ లిపిలో కకారమునకును గకారమునకును అక్షర మొక్కటే. త దలును, ప బలును అట్లే. "బొడ్డు" వారు "పొట్టు" వారైరి. "గాలి" వారు తమిళమున "కాలి" యై, అచటి నుండి ఇంగ్లీషునకు మారి కాళీమాత భక్తులైనట్లు కనబడుచున్నారు! కావున వెదకునపుడు ఒక ఇంటిపేరును తెలుగున, తమిళమున, ఇంగ్లీషున నాలుగైదు విధములుగ వ్రాసి వెదకవలెను. నాయుడు, నాయకర్ అని వెదకుట వలన లాభము లేదు. అవి బిరుదులు గాని ఇంటిపేర్లు గావు. కమ్మవారు, బలిజలు, గవరలు పెక్కు కులములవారు ఆ పేరు ధరింతురు. ఒకే పేరున్నంత మాత్రమున చుట్టరికము లేదు.

మనుమనికి తాతపేరు పెట్టు ఆచారము మరియొక చిక్కు. రంగసామి కుమారుడు వెంకటసామి, వాని కుమారుడు మరల రంగసామి. ఒకే పేరున రెండు ఖాతాలున్నపుడు ఒకరి జమ మరియొకరికి ఎక్కుట ఎంత సులభమో వర్తకులకు చెప్పనక్కరలేదు. మేనరికములు, అక్క కూతురిని చేసికొనుటలు గల మన కుటుంబములను విదేశీయుల వెబ్‌సైట్ల వంశవృక్షములలో వ్రాయబోయినచో, ఒకే అవ్వ రెండు కొమ్మలపై కూర్చుండును. దానికి బెదరవలదు; యంత్రము తెల్లబోయినను సంబంధము నిజమే.

ఊరి పేరు సరిగ తెలిసినను జిల్లా మారిపోవుట కలదు. ధారాపురపు ఒక కుటుంబమును తీసికొనుడు. ఇల్లు కదలలేదు, కాని 1979కి ముందు వారు కోయంబత్తూరు జిల్లావారు, పిమ్మట ఈరోడు జిల్లావారు, 2009 నుండి తిరుప్పూరు జిల్లావారు. దిండుగల్లు 1985లోను, తేని 1996లోను మదురై నుండి వేరుపడినవి. శివకాశి, సాత్తూరు ప్రాంతములు 1910 వరకు తిరునెల్వేలి జిల్లాలో నుండెను. కొల్లేగాలము 1956లో మైసూరు రాష్ట్రమునకు పోయినది. తాతగారి కాలపు జిల్లాను ఎరుగక నేటి జిల్లాలో వెదకువానికి ఏమి దొరకును?

అంతర్జాలమున నిజముగ ఉపయోగపడునవి ఏవి యని అడుగువారికి నాకు తెలిసినంతవరకు చెప్పెదను. తమిళనాడు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో సర్వే నంబరు ఇచ్చి విల్లంగ సర్టిఫికెట్టును ఇంటనుండియే చూడవచ్చును. భూమి ఎవరినుండి ఎవరికి మారినదో దాని వలన తెలియును. కంప్యూటరుకు ఎక్కని పాత సంవత్సరములకు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున అర్జీ పెట్టవలెను. పట్టా, చిట్టా వివరములు రెవెన్యూవారి వెబ్‌సైటున కలవు. 1860 ప్రాంతపు ఇనాం రిజిస్టర్ల కొరకు మాత్రము చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాభిలేఖాగారమును ఆశ్రయింపవలెను. అగ్రహారమో, గుడి మాన్యమో అనుభవించిన కుటుంబములకు అవి గని వంటివి. నెల్సను 1868లో మదురైపై వ్రాసిన మాన్యుయలు, నికల్సను 1887లో కోయంబత్తూరుపై వ్రాసినది, 1909 నాటి థర్‌స్టను ఏడు సంపుటములు, 1924లో సత్యనాథ అయ్యరు ప్రచురించిన మదుర నాయకుల చరిత్ర, ఇవియన్నియు ఇంటర్నెట్ ఆర్కైవు అను వెబ్‌సైటున ఉచితముగ దొరకుచున్నవి. వీనిలో మన తాతల పేర్లు ఉండవు. మన ఊళ్ళును, మన కులములును ఉండును.

విదేశములకు పోయిన శాఖల విషయమున మాత్రము అంతర్జాలము మనకు అద్భుతమైన మేలు చేసినది. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి బయలుదేరిన "ట్రూరో" అను ఓడ డర్బను చేరినది. నాటినుండి 1911 వరకు లక్షన్నరకు పైగా మనదేశపు కూలీలు నటాలుకు పోయిరి. వారి పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఊరు, జిల్లా వ్రాసిన ఓడల జాబితాలను నేడు కంప్యూటరుపై చూడవచ్చును. మారిషస్సునకు పోయినవారి రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ వద్ద కలవు. ఊరిలో నున్న అన్నకు కాగితము లేదు. ఓడ యెక్కిన తమ్మునికి ఉన్నది. సింహళమునకును మలయాకును కంగాణీల వెంట పోయినవారికి ఇంత వివరముగల లెక్క లేకపోవుట మన దురదృష్టము.

ఇక గొప్పల సంగతి. కర్నలు మెకంజీ, కావలి సోదరులును ఇతర సహాయకులును తోడురాగా, పందొమ్మిదవ శతాబ్దారంభమున పాళెగాండ్ర వంశావళులను సేకరించెను. అవి అమూల్యములు. కాని వానిని చదువునపుడు ఒకటి గుర్తుంచుకొనవలెను. కుంఫిణీ ప్రభుత్వము పాళెములను కొన్నిటిని నిలిపి, కొన్నిటిని తీసివేయుచున్న కాలమది. కట్టబొమ్మనను 1799లో ఉరితీసి రెండు మూడేండ్లయినను గడవలేదు. అట్టి సమయమున తన వంశమును గూర్చి చెప్పుకొన్నవాడు న్యాయస్థానమున వాది వలెనే చెప్పుకొనును. దానిని పత్రముగ స్వీకరింపవలెను గాని తీర్పుగ కాదు. కంబళత్తారు చెప్పుకొను కథ మరియొకటి కలదు. తమ పిల్లను కోరిన తురుష్కుని నుండి పారిపోవుచుండగా పొంగుచున్న ఏరు అడ్డమైనదట. ఇరుగట్ల కానుగచెట్లు వంగి వంతెన యైనవట. థర్‌స్టను కూడ దీనిని వ్రాసియున్నాడు. చెట్లు వంగినవా లేదా యను వాదము నాకు అక్కరలేదు. ఉత్తరమునుండి ఏదియో నదిని దాటి, భయముతో, ఇంటిల్లిపాదితో వచ్చిన జ్ఞాపకము ఆ కథలో నున్నది. తేదీ కొరకు దానిని పిండరాదు. అందరును సేనానాయకుల వెంటనే వచ్చిరనుట కూడ పొరపాటు. నల్లరేగడి నేల వెదకుచు నాగళ్ళతో వచ్చినవారు కలరు, మగ్గములతో వచ్చినవారు కలరు, మూటలతో బేరమునకు వచ్చినవారు కలరు. మా బోటివారు ఆ మూటలవారి సంతతి యని చెప్పుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఇచట ఒక మాట కొందరికి రుచింపకపోవచ్చును. కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు ప్రాంతముల అరుంధతీయులలో అనేకులు ఇంట తెలుగే మాటలాడుదురు. తెలుగువారి జనసంఖ్య చెప్పునపుడు, 2011 జనాభా లెక్కలలో ఈ రాష్ట్రమున 42 లక్షలమంది మాతృభాష తెలుగని మనము సభలలో చెప్పుకొనునపుడు, వారిని లెక్కించుచున్నాము. చరిత్ర వ్రాయునపుడు విడిచిపెట్టుచున్నాము. వారికి భూమి లేదు గనుక పట్టా లేదు. ఆస్తి లేదు గనుక భాగపత్రము లేదు. థర్‌స్టను వంటివారు వారిని గూర్చి వ్రాసిన వ్రాతలు చదువుటకే బాధ కలిగించును. అయినను పురపాలక సంఘముల ఉద్యోగపు రిజిస్టర్లు, మిల్లుల హాజరు పట్టీలు, క్రైస్తవులైనవారికి చర్చీల బాప్తిస్మపు పుస్తకములు, నటాలు ఓడల జాబితాలు కలవు. వారికిని ఇంటిపేర్లు ఉన్నవి, అవ్వలు ఉన్నారు. మన సంఘము వంశచరిత్రలను సేకరింపబూనినచో మొదటి సంపుటములోనే వారి ఇండ్లు ఉండవలెనని నా దృఢమైన అభిప్రాయము. కడపటి పేజీలో అనుబంధముగ వేయుట నాకు సమ్మతము కాదు.

బ్రతికియున్నవారి పుట్టినతేదీలను, తల్లి పుట్టింటిపేరును అందరు చూచు వెబ్‌సైట్లలో వ్రాయవలదు. బ్యాంకు మోసగాండ్రకు కావలసినవి అవియే. వంద యేండ్లు దాటినవారిని గూర్చి వ్రాయుడు, చాలును. ఉమ్మిని సీసాలో పంపి వేలకొలది రూపాయలు చెల్లించువారు కూడ బయలుదేరినారు. ఆ పరీక్ష ఒక దూరపు దాయాదిని చూపవచ్చును గాని ఇంటిపేరును చెప్పదు, ఊరిని చెప్పదు.

అన్నిటికంటె పెద్ద ఆటంకము చదువు. తాటాకులపైనను, పాత కాగితములపైనను తెలుగున వ్రాసియున్న దానిని ఇంట చదువగలవారు లేరు. 2006 నాటి తమిళభాషా చట్టము పిమ్మట మన భాషాల్పసంఖ్యాకుల బడులు న్యాయస్థానముల చుట్టు తిరిగినవి. తమిళము నేర్వవలదని మనలో ఎవరును అనలేదు. అన్నమాట నేను వినలేదు. తెలుగు అక్షరములు కూడ నేర్పుడని అడిగితిమి. మాటలాడుట వచ్చి చదువుట రాని తరము మన కన్నులయెదుట నున్నది. కంప్యూటరు తాటాకు ఫొటోను పెద్దది చేసి చూపగలదు. పాత చేతివ్రాతను చదివి పెట్టు పనిని దానికి విడిచినచో అది ఏమి చదువునో సరిచూచుటకైనను ఒక మనిషికి అక్షరములు రావలెను గదా. ఏబది ఆరు అక్షరములు నేర్చుటకు సెలవు దినములు చాలును.

ఈ సంవత్సరపు శివరాత్రికి కులదైవపు గుళ్ళకు పోవు సోదరీసోదరులు చందాల పుస్తకమును ఫొటో తీసికొని వచ్చి సంఘపు కార్యాలయమున ఇచ్చినచో, ఇంటిపేరు, గుడి, ఊరు అను మూడు వరుసలుగ ఒక పట్టిక తయారుచేసి ఈ పత్రికలోనే వారము వారము ప్రకటింతుము. ఇల్లు సున్నము కొట్టించునపుడు అటకమీది మొయ్ పుస్తకములను పాతకాగితములవానికి తూకమునకు వేయకుడు. కిలోకు అతడిచ్చు సొమ్మును మా కొట్టులోనే ఇప్పింతును. పుస్తకమును ఫొటో తీసి మీకే తిరిగి యిచ్చెదము.