చిత్రోత్సవానికి సొంత గూడు ఏది?

ముంబై చిత్రోత్సవం 2025లో జరగలేదు. కొత్త బృందంతో, కొత్త రూపంతో ఉత్సవాన్ని మళ్లీ నిలబెట్టే పనిలో ఉన్నామని, అందుకే ఈ ఏడాది నిర్వహించడం లేదని ఆ జూలైలో నిర్వాహకులు ప్రకటించారు. అంతకు ముందటి అక్టోబర్‌లోనే పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’తో ఆ ఉత్సవం తెర లేచింది. ముంబైలో బతుకు వెతుక్కుంటున్న మలయాళీ నర్సుల కథ అది. కాన్ ప్రధాన పోటీలో ముప్ఫై ఏళ్ల తర్వాత చోటు దక్కించుకున్న భారతీయ చిత్రం, గ్రాండ్ ప్రీ గెలుచుకున్న చిత్రం. దేశంలో స్వతంత్ర సినిమాకు ఇంతటి గౌరవం దక్కిన వెంటనే, దేశ సినీ రాజధానిలో ఆ సినిమాకు వేదికైన ఉత్సవం ఆగిపోయింది. ఒక్క ఏడాది డబ్బుల కొరతతో వచ్చిన పరిస్థితి కాదిది. ఆ ఉత్సవం పెరిగిన తీరులోనే దీనికి కారణం ఉంది.

ముంబై అకాడమీ ఆఫ్ మూవింగ్ ఇమేజ్, అంటే అందరూ ‘మామి’ అని పిలిచే ట్రస్టు, 1997లో పుట్టింది. హృషికేశ్ ముఖర్జీ దానికి పెద్దదిక్కు. తర్వాత చాలాకాలం శ్యామ్ బెనెగళ్ అధ్యక్షుడిగా ఉన్నారు. అప్పటికి మన దేశంలో చిత్రోత్సవమంటే ప్రభుత్వ కార్యక్రమమే. కేంద్రం నడిపే అంతర్జాతీయ ఉత్సవం 1952లో బొంబాయిలోనే మొదలై, ఊరూరా తిరిగి, చివరకు 2004లో గోవాలో స్థిరపడింది. కేరళ ఉత్సవం 1996లో మొదలైంది. దాన్నీ నడిపేది రాష్ట్ర ప్రభుత్వమే. సినిమా తీసేవాళ్లే ఒకచోట చేరి, తమ ఊరి కోసం, ప్రభుత్వ ఫైళ్లతో పనిలేకుండా ఒక ఉత్సవం నడపాలనుకోవడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

ముంబైలో ఉత్సవం జరపడం మరో నగరంలో జరపడం లాంటిది కాదు. ఆ ఊరు రైలు పట్టాల వెంట నిలువునా సాగింది. కొలాబాలో రీగల్, వర్లీ దారిలో లోయర్ పరేల్, బాంద్రా, జుహూ, అంధేరి - ఇవన్నీ ఒకే ఉత్సవంలోని హాళ్లయితే, పొద్దున ఒక ఇరానీ చిత్రం, మధ్యాహ్నం ఒక మరాఠీ చిత్రం చూడాలనుకున్న ప్రేక్షకుడికి సినిమా కంటే లోకల్ రైల్లో గడిపే సమయమే ఎక్కువ. మొదట్లో దక్షిణ ముంబైకి దగ్గరగా ఉన్న ఉత్సవం క్రమంగా ఉత్తరానికి, సినిమా మనుషులు ఉండే శివారు ప్రాంతాలకు జరిగింది. ప్రేక్షకులు పెరిగారు, హాళ్లు పెరిగాయి. కానీ ఆ హాళ్లలో ఏదీ ఉత్సవానిది కాదు. అన్నీ మల్టీప్లెక్సుల నుంచి వారానికి అద్దెకు తీసుకున్నవే.

అద్దె ఎవరు కట్టారన్నదే ఈ కథలో ముఖ్యమైన ప్రశ్న. 2009లో రిలయన్స్ ఎంటర్‌టైన్‌మెంట్ ప్రధాన స్పాన్సరుగా వచ్చింది. కొన్నేళ్లు పెద్ద నగదు బహుమతులు, విదేశీ అతిథులు, పత్రికల్లో పెద్ద పేరు. 2014కు ఆ సంస్థ తప్పుకుంది. ఉత్సవం రద్దవుతుందన్న వార్త వచ్చింది. అప్పుడు జరిగినదాన్ని నేను మామి చరిత్రలో అన్నిటికంటే విలువైన సంఘటనగా భావిస్తాను. దర్శకులు, నిర్మాతలు, మామూలు సినీప్రియులు తలో చేయి వేశారు. ఆనంద్ మహీంద్రా, మనీష్ ముంద్రా లాంటివాళ్లు పెద్ద మొత్తాలిచ్చారు. చిన్న మొత్తాలిచ్చినవాళ్లు ఎందరో. ఆ ఏడాది ఉత్సవం జరిగింది. తమ ఉత్సవాన్ని తామే కాపాడుకోగలమని ఒక నగరంలోని ప్రేక్షకులు చేసి చూపించిన సందర్భమది.

దురదృష్టమేమిటంటే ఆ సందర్భాన్ని ఒక వ్యవస్థగా మలుచుకోలేదు. దాతల జాబితాను శాశ్వత సభ్యత్వంగా మార్చి, ఏటా వంద మందితోనో వెయ్యి మందితోనో ఒక నిధి కట్టుకునే అవకాశం చేతిలోకి వచ్చింది. 2015లో మాత్రం కిరణ్ రావు అధ్యక్షురాలిగా, అనుపమా చోప్రా డైరెక్టరుగా కొత్త బృందం వచ్చింది. కొత్త స్పాన్సర్లు జియో, స్టార్ పేర్లు చేరి ఉత్సవం పేరు ‘జియో మామి విత్ స్టార్’గా మారింది. ఆ బృందం పనితనాన్ని తక్కువ చేయలేం. హన్సల్ మెహతా ‘అలీగఢ్’తో మొదలుపెట్టి ఏటా మంచి ఎంపిక చూపించారు. గీతూ మోహన్‌దాస్ మలయాళ చిత్రం ‘మూథోన్’ను 2019లో ప్రారంభ చిత్రం చేశారు. ముంబైలో జరిగే ఉత్సవాన్ని హిందీయేతర సినిమాతో తెరవడం చెప్పుకోదగ్గ నిర్ణయమే. ఉదయం బుకింగ్ తెరవగానే సీట్లు నిమిషాల్లో అయిపోయేవి. ఉత్సవం బాగా పెరిగిందని అందరూ అనుకున్నారు.

ఆ పెరుగుదల ఎంత బలహీనమైందో 2016లో తెలిసింది. పాకిస్తానీ చిత్రం ‘జాగో హువా సవేరా’ను పాత సినిమాల విభాగంలో చూపించాల్సి ఉంది. 1959 నాటి ఆ సినిమాను ఎ.జె. కార్దార్ నాటి తూర్పు పాకిస్తాన్‌లో, నది ఒడ్డున బతికే జాలరుల మధ్య తీశారు. ఆధారం మానిక్ బందోపాధ్యాయ్ నవల. మాటలు రాసింది ఫైజ్ అహ్మద్ ఫైజ్. కథానాయిక కలకత్తాకు చెందిన తృప్తి మిత్ర. కెమెరామన్ వాల్టర్ లాసలీ, తర్వాత ఆస్కార్ అందుకున్నాయన. విభజన తర్వాత కూడా ఈ ఉపఖండపు కళాకారులు కలిసి పనిచేశారనడానికి దానికంటే మంచి సాక్ష్యం దొరకదు. అవి ఉరీలో సైనిక శిబిరంపై ఉగ్రవాద దాడి జరిగిన తర్వాతి రోజులు. ఒక సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఉత్సవం ఆ సినిమాను జాబితా నుంచి తీసేసింది. అదే ఏడాది కాన్ క్లాసిక్స్‌లో చూపించిన సినిమాను ముంబై ప్రేక్షకులు చూడలేకపోయారు. నిర్వాహకుల మీద ఒత్తిడి ఎంత ఉందో ఊహించగలను. హాలు మల్టీప్లెక్సుది, డబ్బు కంపెనీది అయిన ఉత్సవానికి అలాంటి రోజున ‘మేం చూపిస్తాం’ అనే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? హాలు యజమాని తన అద్దాల గురించి ఆలోచిస్తాడు, స్పాన్సరు తన పేరు గురించి ఆలోచిస్తాడు. సినిమా గురించి ఆలోచించేవాళ్లు ముగ్గురో నలుగురో మిగులుతారు, వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

చట్టం కూడా ఉత్సవాలకు సాయంగా ఏమీ లేదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం 9వ సెక్షన్ కింద సెన్సార్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానిది. ప్రతి ఉత్సవమూ తన చిత్రాల జాబితా పంపి అనుమతి కోసం ఎదురుచూడాలి. అనుమతి వచ్చిన చిత్రాలను పేరు నమోదు చేసుకున్న డెలిగేట్లకే చూపించాలి, వ్యాపారంగా చూపించకూడదు. అందుకే టికెట్ బదులు డెలిగేట్ పాస్ ఉంటుంది. దాని ధర తక్కువే, ఖర్చుతో దానికి పోలిక ఉండదు. 2017లో కేరళ డాక్యుమెంటరీ ఉత్సవంలో మూడు చిత్రాలకు అనుమతి రాలేదు. వాటిలో ఒకటి మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం తర్వాత సాగిన ఉద్యమం మీద తీసినది. మన ఊరి గురించిన సినిమాను చూపించాలనుకున్నది తిరువనంతపురం, అక్కడా దానికి తలుపు మూసుకుంది. 2025 డిసెంబరులో అదే ఊళ్లో జరిగిన కేరళ చిత్రోత్సవంలో మొదట అనుమతి దక్కని 19 చిత్రాల్లో వందేళ్ల నాటి ‘బ్యాటిల్‌షిప్ పోటెంకిన్’ కూడా ఉంది. సినిమా పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయంలోనే చదువుకునే సినిమా అది.

దీనికి భిన్నమైన దారి కూడా ముంబైలోనే పుట్టింది. 2004లో ప్రభుత్వ డాక్యుమెంటరీ ఉత్సవం భారతీయ చిత్రాలకు మాత్రమే సెన్సార్ సర్టిఫికెట్ కావాలని షరతు పెట్టింది. దర్శకులు పెద్ద ఎత్తున నిరసించారు. షరతు వెనక్కి వెళ్లింది గానీ, గుజరాత్ హింస మీద రాకేశ్ శర్మ తీసిన ‘ఫైనల్ సొల్యూషన్’ లాంటి చిత్రాలు ఎంపిక కాలేదు. అప్పుడు ఆ దర్శకులంతా ప్రభాదేవిలో, అధికారిక ఉత్సవానికి దగ్గర్లోనే, భూపేశ్ గుప్తా భవన్‌లో ‘వికల్ప్’ పేరుతో తమ ఉత్సవం నడిపారు. రెండేళ్లకు గోరఖ్‌పూర్‌లో ‘ప్రతిరోధ్ కా సినిమా’ మొదలైంది. కంపెనీ డబ్బు వద్దన్నది దాని మొదటి నియమం. అదే బాటలో 2014 నుంచి కోల్‌కతా పీపుల్స్ ఫిల్మ్ ఫెస్టివల్ నడుస్తోంది. ప్రభుత్వం, కంపెనీలు, ఎన్జీవోలు - ఎవరి డబ్బూ తీసుకోరు. ప్రవేశం ఉచితం. హాల్లో ఉన్నవాళ్లే విరాళమిస్తారు. దక్షిణ కోల్‌కతాలోని ఉత్తమ్ మంచ్‌లో ఏళ్ల తరబడి జనవరి చలిలో డాక్యుమెంటరీల కోసం జనం వచ్చారు. ఉత్సవం అయిపోయాక ఆ బృందం అక్కడితో ఆగదు. మిగతా ఏడాదంతా ఊళ్లలో, బస్తీల్లో ప్రదర్శనలు నడుపుతుంది. జనవరిలో హాలు నిండడానికి కారణం ఆ పదకొండు నెలల పనే.

పెద్ద ఎత్తున నడపాలనుకునేవాళ్లకు టొరంటో ఒక పాఠం చెబుతుంది. 1976లో మొదలైన ఆ ఉత్సవం 2010లో సొంత భవనం కట్టుకుంది. స్థలం ఇవాన్ రైట్‌మన్ కుటుంబానిది, ఖర్చులో ప్రభుత్వ సాయమూ ఉంది. ఐదు హాళ్లున్న ఆ భవనంలో ఉత్సవం లేని రోజుల్లోనూ సినిమా ఆడుతుంది, సభ్యులు ఏడాది పొడవునా చందా కడతారు. ఇరవై ఎనిమిదేళ్లు తోడున్న బెల్ కంపెనీ 2023తో స్పాన్సర్‌షిప్ ముగించింది. ఉత్సవం కుదేలైంది గానీ పడిపోలేదు. భవనం పేరులోంచి బెల్ పోయింది, భవనం మిగిలింది. ముంబైకి అలాంటి ఊతం లేదు. కరోనా వల్ల 2020 నుంచి ఆగిన ఉత్సవం 2023లో జియో అండతో 250కి పైగా చిత్రాలతో అట్టహాసంగా తిరిగొచ్చింది. 2024లో జియో తప్పుకుంటే చిత్రాలు సుమారు 110కి తగ్గాయి. 2025లో ఒక్కటీ లేదు. ఇరవై ఏడేళ్లు పని చేసిన సంస్థకు మూడేళ్లలో ఈ గతి పట్టడం నాకు బాధ కలిగించే విషయం.

ఇక మన సంగతి. హైదరాబాద్‌కు ఉత్సవాల జ్ఞాపకం ఉంది. 1986లో కేంద్రం నడిపే చిత్రోత్సవం ‘ఫిల్మోత్సవ్’ ఇక్కడే జరిగింది. రెండేళ్లకోసారి వచ్చే బాలల చిత్రోత్సవానికి ఈ నగరమే శాశ్వత వేదిక అన్నారు. 2017 నవంబరులో 20వ ఉత్సవం జరిగింది. తర్వాత ఆ వరుస ఆగిపోయింది, బాలల చిత్ర సమితి కూడా జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిసిపోయింది. కంపెనీ వెళ్లిపోతే ముంబై ఉత్సవం ఆగినట్టే, ప్రభుత్వం శ్రద్ధ మళ్లితే మన ఉత్సవం ఆగింది. రెండిట్లోనూ ప్రేక్షకుణ్ని అడిగినవాళ్లు లేరు.

అలాగని ఈ నేల ఎండిపోలేదు. 1970ల నుంచి నడుస్తున్న హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఉంది. బంజారాహిల్స్‌లో 2010 నుంచి తలుపులు తెరిచి ఉంచిన లామకాన్‌లో మరెక్కడా హాలు దొరకని డాక్యుమెంటరీలకు చోటు దొరుకుతోంది. డిసెంబరు రాగానే తిరువనంతపురానికి శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కే తెలుగు సినీప్రియులు ఉన్నారు. విశాఖలోని కంచరపాలెం మనుషులనే నటులుగా పెట్టి తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ 2018లో మన థియేటర్లకు రాకముందు న్యూయార్క్ భారతీయ చిత్రోత్సవానికి వెళ్లాల్సి వచ్చింది. ఇంత సినిమా తీసే, ఇంత సినిమా చూసే తెలుగు నేల మీద అలాంటి చిత్రాన్ని మొదట మన కళ్లతో చూసే వేదిక లేకపోవడం సిగ్గుపడాల్సిన లోటు.

ఆ వేదిక కోసం వెంటనే అంతర్జాతీయ స్థాయి, ఎర్ర తివాచీ, సూపర్‌స్టార్ అతిథులు అంటూ మొదలుపెడితే మళ్లీ ఏదో కంపెనీ గుమ్మం ముందు నిలబడాల్సిందే. లెక్క చిన్నగానే వేసుకోవచ్చు. విదేశీ చిత్రాల హక్కుదారులు ఒక్కో ప్రదర్శనకు సాధారణంగా వందల యూరోల్లో రుసుము అడుగుతారు. చిత్రానికి ఐదు వందల యూరోలు అనుకున్నా ఇరవై చిత్రాలకు పది లక్షల రూపాయల చుట్టూ తిరుగుతుంది. రెండు వేల మంది ఏడాదికి వెయ్యి రూపాయల చొప్పున సభ్యత్వం కడితే ఇరవై లక్షలు. మిగిలిన సగం నాలుగు రోజులకు ఒక్క హాలు అద్దెకు, ఉపశీర్షికలకు వెళ్తుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఉదయం ఆటలకు ఖాళీగా ఉండే సింగిల్ స్క్రీన్‌తో ఏటా అదే వారానికి ఒప్పందం కుదుర్చుకోవాలి. మిగతా నెలల్లో నెలకో సినిమా ఆ సభ్యులకే చూపించాలి. సభ్యుల జాబితా, ఖాతా పుస్తకం ట్రస్టు పేరిట ఉండాలి. ఎవరు స్పాన్సరుగా వచ్చినా ఉత్సవం పేరులో వాళ్ల పేరు చేరకూడదన్నది ట్రస్టు దస్తావేజులోనే రాసుకోవాలి. సభ్యుల చందా హాలు అద్దెను దాటిన ఏడాది రెండో హాలు గురించి ఆలోచించవచ్చు.