నొప్పి ఆగినంత మాత్రాన పన్ను బాగుపడినట్లు కాదు

గాండ్లపెంట పల్లెల నుంచి పంటి వైద్యానికి కదిరి వెళ్ళడమంటే కూలివారికి ఆ రోజు సంపాదన పోయినట్లే. రూట్ కెనాల్ చికిత్సకు ఒకటి కంటే ఎక్కువసార్లు వెళ్ళవలసి రావచ్చు. పన్ను పీకించుకుంటే ఒక్కపూటతో పని తీరిపోతుంది. అందుకే చాలామంది పీకించుకోవడానికే మొగ్గుచూపుతారు. కానీ దవడపన్ను పోయిన చోట పక్క పళ్ళు క్రమంగా ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికో పైకో జారుతుంది, నమలడం కష్టమవుతుంది. ఆ ఖాళీని కృత్రిమ దంతంతో పూరించడానికి తరచూ మరింత ఖర్చవుతుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో అనేక గ్రామాల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ అధికం. పళ్ళు రూపుదిద్దుకునే బాల్యంలో ఆ నీరు తాగినవారి పళ్ళపై గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. ఆ మచ్చలు పుచ్చు కావు. వాటికి రూట్ కెనాల్ అవసరం లేదు. అయితే ప్రతి లోపాన్నీ నీటికే ఆపాదించి, అసలైన పుచ్చును ఉపేక్షించడం తగదు.

పంటి గట్టి పొరల లోపల నరాలు, రక్తనాళాలు గల మెత్తని గుజ్జు ఉంటుంది. పుచ్చు అక్కడికి చేరితే వేడి, చల్లని పదార్థాలు తగిలినప్పుడు పోటు మొదలై చాలాసేపు నిలుస్తుంది. కొన్నాళ్ళకు ఆ పోటు దానంతట అదే ఆగిపోవచ్చు. అది స్వస్థత కాదు, లోపలి నరం చనిపోయిందనడానికి సూచన కావచ్చు. ఇన్ఫెక్షన్ మాత్రం వేరు కొసను దాటి ఎముకలోకి పాకుతుంది. మాత్రలతో మాత్రమే అది నయం కాదు. చనిపోయిన గుజ్జులోకి రక్తం ప్రవహించదు గనుక మందు అక్కడికి చేరదు. మిస్వాక్, వేపపుల్ల పంటిని పైనుంచి శుభ్రపరుస్తాయే గాని లోపలి చీమును తొలగించలేవు.

చికిత్సలో వైద్యుడు మత్తుమందు ఇచ్చి, చెడిన గుజ్జును తీసి, వేరులోని సన్నని నాళాలను శుభ్రపరచి, గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో పూడ్చివేస్తాడు. దవడపళ్ళలో సాధారణంగా మూడు నాలుగు నాళాలుంటాయి, కనుకనే సమయం పడుతుంది. ఆ తరువాత తొడుగు వేయించుకోవడం మరువరాదు. లేనిచో బలహీనపడిన దవడపన్ను చిట్లవచ్చు. వేరు నిలువునా చీలినప్పుడు మాత్రం పన్ను తీయించక తప్పదు.

ఖర్చుకు సంశయించేవారు కడపలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిని సంప్రదించవచ్చు. ముఖం లేదా మెడ వాచి, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఒక్కరోజు కూడా ఆగక ఆసుపత్రికి వెళ్ళండి. చిన్న పుచ్చును ఈ నెలలోనే పూడ్పించుకుంటే, ఇంత దూరం రానవసరమే ఉండదు.