ఒక సాఫ్ట్‌వేర్ నిపుణుని పనిముట్లు

వడ్రంగి బాడిసను చూచి అతని పనితనాన్ని అంచనా వేయవచ్చునని మా ఊరి పెద్దలు అనేవారు. నేతగాని నాడెను, కంసాలి త్రాసును గురించి కూడ ఇట్టి మాటలే వినబడేవి. సాఫ్ట్‌వేర్ రచన చేసేవారి విషయంలో మాత్రం మనం జీతం అడుగుతాము, అమెరికా ప్రయాణం ఎప్పుడని అడుగుతాము. "నీవు ఏ పనిముట్లతో పని చేస్తావు? వాటిలో నీకు ప్రీతిపాత్రమైనది ఏది?" అని ఎవరమూ అడగము. నేనూ అడగలేదు. అడగవలసిన అగత్యం ఒకనాడు నాకే కలిగింది.

ప్రాచీన కావ్యాల పాఠపరిష్కరణ నా అభిమాన విషయం. నాచన సోమన ఉత్తర హరివంశానికి దొరికిన ఆరు తాళపత్ర ప్రతులను సరిచూచి, పాఠభేదాలను అనుబంధంగా చేర్చి, 1999లో సిద్ధాంత గ్రంథం సమర్పించాను. ఆ ఆరు ప్రతులలో రెండు ఒక పాత ఇంటి అటకమీద ఉండేవి. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, ప్రతులూ లేవు. నా వద్ద మిగిలిన అచ్చుప్రతిలో అనుబంధపు పుటలు ఒక వానకాలంలో తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అయినా నేను దిగులుపడలేదు. గ్రంథమంతా సి.డి.లో భద్రంగా ఉన్నదని నా ధీమా.

సి.డి. తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం కనిపించలేదు. నా పేరుండవలసిన చోట రెండు డాలరు గుర్తులు, ఒక ఆశ్చర్యార్థకం, నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఆనాడు డి.టి.పి. చేసినవారు వాడిన ఖతి ఇప్పుడు ఎక్కడా దొరకదు. అది లేనిదే ఆ ఫైలుకు అర్థం లేదు.

సంక్రాంతి సెలవులకు వచ్చిన నా పూర్వవిద్యార్థి ఒకడు ఇది విన్నాడు. అతడు హైదరాబాదులో, మాదాపూర్‌లో, సాఫ్ట్‌వేర్ రచయిత. ఇంటర్మీడియట్‌లో పద్యం కంఠస్థం చేయమంటే ముఖం చాటువేసేవాడు గాని, గణవిభజన మాత్రం ఎన్నడూ తప్పేవాడు కాదు. "మాస్టారూ, అక్షరాలు ఎక్కడికీ పోలేదండి. తాళంచెవి పోయింది, అంతే" అన్నాడు. మరునాటినుండి మా వసారాలో తన ల్యాప్‌టాప్ పెట్టుకొని కూర్చున్నాడు. అతని పనిముట్లను నేను దగ్గరగా చూచినది అప్పుడే.

మొదట నన్ను ఆకర్షించినది అతడు వ్రాతకు వాడే విమ్ అనే ఉపకరణం. 1976లో బిల్ జాయ్ రచించిన వి అనే ఎడిటరుకు ఇది వారసురాలు. నెదర్లాండ్స్ దేశీయుడు బ్రామ్ మోలెనార్ 1991లో దీనిని వెలువరించాడు. దీనికి వెల లేదు. ఇష్టమైనవారు ఉగాండాలోని అనాథ బాలలకు ఏమైనా ఇవ్వవలసిందని మాత్రం ఆయన కోరాడు. 2023లో ఆయన కన్నుమూశాడు. దీనిలో మౌస్‌తో పని లేదు, రంగుల బొమ్మలు లేవు. "నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టిందండి. ఆ తరువాత చేతులే వ్రాస్తాయి" అన్నాడు నా శిష్యుడు. ఘంటం పట్టడం నేర్చుకొనే లేఖకుడూ ఈ మాటే అని ఉండేవాడనిపించింది.

ఇక అసలు పని. పాత ఖతులలో ధ్వనికి సంకేతం లేదు, ఆకృతికే ఉన్నది. తలకట్టుకు ఒక సంఖ్య, వత్తుకు ఒక సంఖ్య, కొమ్ముకు ఒక సంఖ్య. మా ఫైలులో మకారానికి ప్రత్యేక సంకేతమే లేదు. వకారం ప్రక్కన కొమ్మును అతికి 'మ' అనిపించారు. కంటికి అది 'మ', యంత్రానికి కాదు. అటువంటి గ్రంథంలో 'మాధవుడు' అన్న పదాన్ని వెదకమంటే యంత్రం ఏమి వెదుకుతుంది? 1991లో వెలువడిన యూనికోడ్ మార్గం వేరు. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. 'కృష్ణ' అన్న మాట కకారం, వట్రుసుడి, షకారం, హల్లు గుర్తు, ణకారం అనే ఐదు సంకేతాలుగా, పలికే వరుసలోనే నిక్షిప్తమవుతుంది. ఆకృతిని తీర్చిదిద్దడం ఖతి పని. ఏ ఖతి పోయినా మాట చెడదు. అరసున్నకు, బండి ఱకు కూడ అందులో చోటున్నది. పూర్వకవుల పక్షాన నేను సంతోషించిన విషయమిది.

అతడు పైథాన్ అనే భాషలో పరివర్తన సూత్రాలను వ్రాయసాగాడు. గీడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన భాష ఇది. పేరు వచ్చింది పామునుండి కాదు, బ్రిటిష్ హాస్యబృందం మాంటీ పైథాన్ నుండి. పని చకచక సాగింది గాని, ఒకచోట చిక్కుపడింది. ఆనాటి ఖతిలో అరసున్న లేదు. డి.టి.పి. చేసిన ఆమె నా గోల భరించలేక, అరసున్న రావలసిన ప్రతిచోట ఎడమ బ్రాకెట్టును ఉంచింది. కాగితంమీద అది అరసున్నవలెనే కనబడింది, నేనూ మురిసిపోయాను. ఇప్పుడు నాలుగు వందల పుటలలో ఏది నిజమైన బ్రాకెట్టో ఏది అరసున్నో ఎవరు చెప్పాలి?

"దానికీ ఒక లక్షణం చెప్పండి మాస్టారూ" అన్నాడు. కాసేపు ఆలోచించి, "రెండు అక్షరాల మధ్య ఎడం లేకుండా ఇరుక్కొని, ఆ పంక్తిలో జత లేనిది అరసున్న" అన్నాను. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే పద్ధతిలో ఆ లక్షణాన్ని అతడు అరపంక్తిలో వ్రాశాడు. వేల అరసున్నలు యథాస్థానాలకు చేరుకున్నాయి. ప్రతి కొత్త విద్యకూ మన పూర్వగ్రంథాలలో మూలం చూపి గర్వపడే అలవాటు నాకు లేదు. కాని ఆ అరపంక్తిని చూచినపుడు, వ్యాకరణ సూత్రం చదివినప్పటి ఆనందమే కలిగిందని చెప్పక తప్పదు.

అతనికి అన్నిటికంటె ఇష్టమైన పనిముట్టు గిట్. లినక్స్ రచనకు వేలమంది పంపే సవరణలను సమన్వయించడం కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో కొద్ది రోజులలోనే దీనికి రూపం ఇచ్చాడు. ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ఇది గుర్తుంచుకుంటుంది. తొలగించిన పంక్తి ఎఱ్ఱగా, చేర్చినది పచ్చగా కనిపిస్తుంది. ఏ దశకు కావాలన్నా వెనుకకు వెళ్ళవచ్చును. ఇది చూచి నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. మేము జీవితమంతా చేసినది దీనికి తలక్రిందులైన పని. లేఖకులు మార్చినవి మార్చారు, కారణం చెప్పలేదు, తేదీ వేయలేదు. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ప్రతులను ప్రక్కప్రక్కన పరచి పోల్పించినది ఆ మౌనాన్ని ఛేదించడానికే. గిట్ వాడేవాడు తన సవరణను భద్రపరచే ప్రతిసారీ ఎందుకు మార్చాడో ఒక వాక్యం వ్రాయాలి. ఆ ఒక్క వాక్యాన్ని మన లేఖకులు వ్రాసి ఉంటే, నా వంటివారికి డాక్టరేటు చేయడానికి విషయమే దొరికేది కాదేమో!

అయితే దానికీ ఒక లోపమున్నది. అది మామూలుగా పంక్తులనే పోలుస్తుంది. పేరా అంతా ఒకే పంక్తిగా ఉంటే, ఒక్క అక్షరం మారినా పేరా అంతా ఎఱ్ఱబడుతుంది. నా వచనానికి వాక్యానికొక పంక్తి చొప్పున విడదీయవలసి వచ్చింది. పద్యాలకు ఆ బాధ లేదు, పాదాలు ఎలాగూ విడివిడిగానే ఉన్నాయి.

ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. శిష్యుడు వాటినీ వాడుతాడు. మిగిలిన అచ్చుతప్పులను దిద్దమని ఒక అధ్యాయాన్ని దానికి అప్పగించాడు. క్షణాలలో దిద్ది ఇచ్చింది. చదివితే నున్నగా, తప్పులేమీ లేనట్లే ఉన్నది. కాని గిట్ చూపిన ఎఱ్ఱ పంక్తులను చూస్తే గుండె ఝల్లుమన్నది. 'ఎఱుక' 'ఎరుక' అయింది. 'వీఁడు' 'వీడు' అయింది. అన్నిటికంటె ఘోరం, 'వెళ్ళెను' అనే అర్థంలో ఉన్న 'అరిగె' ఒకచోట 'అడిగె' అయి కూర్చున్నది! తెలియని మాట కనబడితే తెలిసిన మాటతో సరిపెట్టడం శతాబ్దాలుగా లేఖకులు చేసిన పనే. ఆ యంత్రం తాళపత్ర లేఖకులకు నిజమైన వారసుడు. అతడు నవ్వి, ఒక్క ఆజ్ఞతో ఆ మార్పులన్నిటినీ తిరుగగొట్టాడు.

నా అభిప్రాయంలో ఒక ఉపకరణానికి పెట్టవలసిన పరీక్ష వేగం కాదు, సౌఖ్యమూ కాదు. అది మరుగున పడినా దానితో చేసిన పని చదవడానికి వీలుగా ఉండాలి. విమ్ రేపు లేకపోయినా దానిలో వ్రాసినది సాదా పాఠంగా ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది. నా సి.డి. ఆ పరీక్షలో ఓడిపోయింది. నేను ఎన్నడూ ఆ ప్రశ్న అడగలేదు గనుక తప్పు డి.టి.పి. చేసినవారిది మాత్రమే అనలేను. మీ ఊరిలో అచ్చయిన స్థలపురాణాలు, మీ కళాశాల పాత సంచికలు, ఎవరో తాతగారి ఆత్మకథ ఇంకా అటువంటి ఖతులలోనే చిక్కుకొని ఉండవచ్చును. కంప్యూటరు విద్య చదవబోయే మీలో ఒకరిద్దరైనా ఆ ఫైళ్ళను అడిగి తీసుకొని తెరిచి చూడండి. ఇందుకు కావలసినది ఒక పాత సి.డి. డ్రైవు, పైథాన్, తెలుగు అక్షరాన్ని అక్షరంగా గుర్తించే కన్ను.

నా గ్రంథం ఇప్పుడు యూనికోడ్‌లో ఉన్నది. పదకొండు చోట్ల మాత్రం ఉన్నది బ్రాకెట్టో అరసున్నో ఇద్దరమూ తేల్చలేకపోయాము. వాటిలో ఏడింటికి మూలమైన ప్రతులు గ్రంథాలయంలో ఉన్నాయి. వేసవి సెలవులలో వెళ్ళి చూచుకొని రావాలి. మిగిలిన నాలుగూ ఆ అటకమీది ప్రతులవి. అక్కడ బ్రాకెట్టును బ్రాకెట్టుగానే ఉంచి, 'నిర్ణయించడానికి ప్రతి లేదు' అని గిట్‌లో వ్రాయించాను.