సమాధిరాయి ఒక్కటే చాలదు

సంపాదకులకు,

తొలి వలసదారుల వంశవృక్షానికి సమాధిరాయి, చర్చి రిజిస్టరు చాలునన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా చేరిన రిచర్డ్ మోర్‌నే చూడండి. సేలంలో అతని సమాధిరాయిపై ఓడ ప్రస్తావన తరువాతి కాలంలో చెక్కింది. ఇంగ్లండులోని షిప్టన్ చర్చి రిజిస్టరులో 1614 నాటి బాప్తిస్మం ఉంది. చట్టం దృష్టిలో తండ్రి శామ్యూల్ మోర్. ఆ శామ్యూలే రిచర్డ్‌తో సహా భార్యకు పుట్టిన నలుగురు పిల్లలూ తన బిడ్డలు కారని, పోలికలు భార్య ప్రియుడివని రాతపూర్వకంగా వాదించాడు. వాళ్లను ఓడెక్కించిందీ అతనే. తొలి చలికాలం దాటింది రిచర్డ్ ఒక్కడే.

శామ్యూల్‌ది కక్షిదారు మాట కదా, ఎలా నమ్ముతామని అడగవచ్చు. నిజమే, అసలు తండ్రి ఎవరో అది తేల్చదు. కానీ ఆరేళ్లు నిండని పసివాడు తల్లి లేకుండా సముద్రం ఎందుకు దాటాడో చెప్పింది ఆ కాగితమే. అది వెలుగులోకి వచ్చేదాకా ఆ పిల్లలను లండన్ అనాథలుగానే చాలామంది భావించారు.

– ఒక పాఠకుడు