బోర్డు చేతికి సరిపోవాలి

మూడు నెలల క్రితం ప్రొద్దుటూరులో బంగారు పని చేసే యువకుడొకడు ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. వయసు ఇరవై నాలుగు. "పట్టకారు పట్టుకుంటే బొటనేలు కాడ సూదితో పొడిసినట్టు ఉంటాంది సార్. పని సాగడం లేదు" అన్నాడు. వెంట వచ్చిన తల్లి ఊరుకోలేదు. "పనితో వచ్చింది కాదు సార్ ఇది. ఇంట్లో ఆటల పెట్టె ఒకటి చేసుకున్యాడు. రాత్రి పన్నెండు దాకా దాని ముందరే. ఇంటికి పోతానే దాన్ని పగలగొట్టిస్తా" అంది.

ఈ పెట్టె సంగతి పాఠకులకు కొంచెం చెప్పాలి. నేను వైద్య కళాశాలలో చదివే రోజుల్లో వీడియోగేము దుకాణాలుండేవి. నిలువెత్తు పెట్టె, అందులో తెర, తెర కింద ఏటవాలు బోర్డు. బోర్డు మీద ఎడమచేతికి ఒక కర్ర, కుడిచేతికి కొన్ని బొత్తాలు. అటువంటి పెట్టెనే ఇప్పుడు కొందరు యువకులు ప్లైవుడ్డు కోసి, పాత కంప్యూటరు తెర బిగించి ఇంట్లోనే తయారు చేసుకుంటున్నారు. ఇది తప్పేమీ కాదు. కాని పెట్టె చేసేవాడు తెర ఎంత, రంగు ఏమిటి అని ఆలోచించినంతగా, కర్ర ఎక్కడ, బొత్తం ఎక్కడ అని ఆలోచించడు. తెరను చూసేది కళ్ళు. బోర్డుతో గంటల తరబడి పెనుగులాడేది చెయ్యి.

ఆ అబ్బాయిని బొటనవేలు గుప్పిట్లో ముడిచి, మణికట్టును చిటికెనవేలి వైపు మెల్లగా వంచమన్నాను. వంచీ వంచకముందే కెవ్వుమన్నాడు. బొటనవేలిని కదిలించే రెండు స్నాయుబంధనాలు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళు, మణికట్టు పక్కన ఒక సన్నని సొరంగం గుండా పోతాయి. మణికట్టు వంకరగా ఉండగా బొటనవేలిని మాటిమాటికీ వాడితే ఆ సొరంగం గోడ మందమై, తాళ్ళను నొక్కుతుంది. 1895లో ఈ జబ్బును వివరించిన స్విట్జర్లండు శస్త్రవైద్యుడు డీ కెర్వాన్ పేరుతోనే దీన్ని పిలుస్తారు. పసిబిడ్డలను ఎత్తుకునే తల్లులకు కూడా ఇది తరచుగా వస్తుంది.

ఆటవల్ల చెయ్యి నొప్పి అంటే నవ్వేవారున్నారు. 1978లో జపానులో 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆట వచ్చింది. దాన్ని అతిగా ఆడినందువల్ల వచ్చిన మణికట్టు నొప్పిని గురించి 1981లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' వంటి పెద్ద వైద్య పత్రికే లేఖ ప్రచురించింది. కనుక ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. అందులోనూ మన అబ్బాయికి పగలు పట్టకారు, రాత్రి కర్ర. ఇక చేతికి విశ్రాంతి ఎక్కడిది? బంగారు పనివాడికి చెయ్యే పెట్టుబడి.

సెల్‌ఫోనులో ఉన్న బోర్డు ఫోటో చూపించమన్నాను. రెండడుగుల చెక్క మీద ఇద్దరు ఆడేటట్టు రెండు కర్రలు, పన్నెండు బొత్తాలు ఇరికించాడు. మనిషికి ఒక అడుగు చోటు. అంత ఇరుకులో రెండు చేతులూ దగ్గరకు చేరి, మోచేతులు బయటికి పోతాయి. మణికట్టు చిటికెనవేలి వైపుకు వంగుతుంది. నేను పరీక్ష కోసం ఒక్క క్షణం వంచమన్న భంగిమలోనే ఈయన రోజూ మూడు గంటలు ఆడుతున్నాడన్నమాట! పైగా బోర్డు రొమ్ము ఎత్తున ఉంది.

జమ్మలమడుగులో పనిచేసినప్పుడు నేత కార్మికులు చాలామంది నా దగ్గరకు వచ్చేవారు. గుంట మగ్గంలో కూర్చున్న మనిషికి కాలి కింద కర్రలు, చేతికి నాడె తాడు, ముందు బట్ట అందవలసిన దూరంలో అందాలి. తండ్రి మగ్గంలో పొట్టి కొడుకు కూర్చుంటే నడుము నొప్పి ఖాయం. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే: మనిషిని ముందు కొలవాలి, చెక్కను తర్వాత కొయ్యాలి. ఆటపెట్టెకూ ఇదే సూత్రం.

ఇంట్లో ఇటువంటి బోర్డు చేయదలచినవారు ఈ విషయాలు గమనించండి.

మొదటిది ఎత్తు. నిలబడి భుజాలు వదులుగా ఉంచి, మోచేతులు మడవండి. బోర్డు మోచేతికంటే అంగుళమో రెండంగుళాలో కిందికి ఉండాలి. ఐదున్నర అడుగుల మనిషికి ఇది నేలనుంచి 38 నుంచి 40 అంగుళాల దాకా వస్తుంది. పిల్లలు ఆడేటప్పుడు గట్టి పీట వెయ్యండి.

రెండవది వెడల్పు. ఇద్దరు పక్కపక్కన నిలబడి, మధ్య బెత్తెడు ఖాళీ వదిలి కొలవండి. మూడడుగులకు తక్కువ కాదు. అంత చోటు లేకపోతే ఒక్కరికే చేసుకోండి.

మూడవది కర్రకూ బొత్తాలకూ మధ్య దూరం. బోర్డు సైజు అట్టముక్క ఒకటి కోసి, కళ్ళు మూసుకొని రెండు చేతులూ దానిమీద సహజంగా వాల్చండి. ఎడమచెయ్యి వాలిన చోట కర్ర, కుడిచెయ్యి వాలిన చోట బొత్తాలు. మధ్యలో జానెడు దూరమైనా ఉంటే మణికట్టు నిటారుగా నిలుస్తుంది.

నాలుగవది బొత్తాల వరుస. మన వేళ్ళు ఒకే పొడవు కావు. వేళ్ళు కొద్దిగా వంచి, కొనల చుట్టూ పెన్సిలుతో గీయండి. సన్నని విల్లులాంటి వంపు వస్తుంది. ఆ వంపులోనే రంధ్రాలు వెయ్యాలి. సాధారణంగా దొరికే బొత్తానికి 30 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. మధ్యనుంచి మధ్యకు 36 మిల్లీమీటర్లైనా వదలండి.

ఐదవది అంచు. బొత్తాలకు ముందు అరచెయ్యి ఆనడానికి మూడు నాలుగు అంగుళాల చోటు ఉండాలి. అంచును గుండ్రంగా నున్నగా తోమించండి. పదునైన అంచు మణికట్టు దగ్గర నరాన్ని నొక్కితే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి.

రంధ్రాలు వేసేముందు ఆ అట్టమీదే పావుగంట ఉత్తుత్తి ఆట ఆడి చూడండి. అట్ట పాడైతే మళ్ళీ కోసుకోవచ్చు.

ఇక కరెంటు. పులివెందులలో పనిచేసినప్పుడు తోటల్లో మోటారు స్టార్టరు దగ్గర షాక్ కొట్టినవారిని చూశాను. తడి కాళ్ళు, భూమికి కలపని ఇనుప పెట్టె, ఇంతే కారణం. బొత్తాల తీగలలో సాధారణంగా 5 వోల్టులే ఉంటాయి. కాని తెరకు వచ్చేది 230 వోల్టులు. ఈ రెండు తీగలనూ కలిపి కట్టవద్దు. ఇనుప భాగాలకు ఎర్త్ ఇవ్వండి. లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించండి. ప్లగ్గు పీకకుండా వెనుక తలుపు తెరవకండి. పాత గాజుబుడ్డి టీవీని మాత్రం మీరు విప్పనే వద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

అబ్బాయికి బొటనవేలితో సహా మణికట్టుకు పట్టీ కట్టించి, నాలుగు వారాలు ఆట పూర్తిగా మాన్పించాను. పట్టకారు పని కూడా తగ్గించమన్నాను. కొద్దిరోజులు నొప్పి మాత్రలు ఇచ్చాను. వీటితో తగ్గనివారికి ఒక ఇంజెక్షను, అరుదుగా చిన్న ఆపరేషను అవసరమవుతాయి. నాటుగా పిసికించి, లాగించి కట్టు కట్టించుకోవద్దు. వాపు పెరుగుతుంది. వేళ్ళు మొద్దుబారినా, రాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చినా, చేతిలో వస్తువు జారిపోతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి.

పెట్టెను పగలగొట్టవద్దని తల్లికి చెప్పాను. "నీ కొడుకు చేతికి పనితనముందమ్మా. పాత బోర్డు తీసి కొత్తది వెయ్యమను. అరగంట ఆడితే పది నిమిషాలు చెయ్యి దించమను. రాత్రి తొమ్మిదికి స్విచ్చి నువ్వే ఆపు" అన్నాను.

పోయిన వారం వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. అబ్బాయి బొటనవేలు ముడిచి, మణికట్టు వంచి చూపించాడు. నొప్పి లేదు. పట్టకారు పని మళ్ళీ మొదలుపెట్టాడు. చంకలో ఒక అట్టముక్క ఉంది, దానిమీద తన చేతుల గీతలు. రంధ్రాలు ఇంకా వెయ్యలేదట. "ముందు మీకు చూపించి పోదామని వచ్చినా సార్" అన్నాడు.